కునుక్కి దోమతెర

అనంతశయనంగారిని ఎవరేమడిగినా ముందు పాలు పొయ్యి మీద పెడతారు. పాలు కాగేలోపు అడిగినవాళ్ళే జవాబు కనుక్కుని వెళ్ళిపోతే కాఫీ మిగులుతుందని ఆయన ఎత్తు, అంటారు గిట్టనివాళ్ళు. పేరుకు తగ్గట్టు పడుకునే పాఠం చెబుతారనీ అంటారు. అది మాత్రం నిజం. అయినా కంప్యూటర్ల విద్య కోసం కొండెక్కి మరీ ఆయన దగ్గరికి వస్తారు.

అలా వచ్చి ఉండిపోయిన శిష్యురాలు హైమ. కొండ కింద వాగులో తేలే డబ్బా ఒకటి, పైన గురువుగారి వసారాలో దాన్ని కనిపెట్టుకుని ఉండే చిన్న కంప్యూటరు, దాని తిండికి సోలార్ పలక, బ్యాటరీ. వాగు పొంగితే ఆ యంత్రం సైరన్ మోగించాలి. అవతలి గట్టున మేకలు మేపుకునే గౌరమ్మ అది విని వాగు మీది చప్టా దాటకుండా ఆగాలి. మోగకపోతే ఏమవుతుందో హైమ తలుచుకోదు. ప్రోగ్రాం రాసింది తనే మరి. తీరా చూస్తే, మబ్బు పట్టగానే, చినుకైనా పడకముందే బ్యాటరీ అడుగంటుతోంది.

"గురువుగారూ, వాగులో కదలికే లేదు. యంత్రానికి పనే లేదు. మరి కరెంటంతా ఎవరు తాగేస్తున్నట్టు?"

గురువుగారు పాల కుక్కరు పొయ్యెక్కించారు. "మొహం పీక్కుపోయింది, వెళ్ళి నడుం వాల్చు. కాగితే అదే విజిలేస్తుంది."

హైమ వసారాలో చాప మీద వాలింది. కొండ మీది మబ్బు దిగివచ్చి, స్తంభాల మధ్య నుంచి ఆవుదూడలా తల దూర్చింది. దాని మెడ మీద చెయ్యేస్తే ఊరూ పేరూ మరిచిపోవచ్చు. వెయ్యబోయింది. పాలు గుర్తొచ్చాయి. లేచి చూసింది, కాగలేదు. మళ్ళీ వాలింది, మళ్ళీ లేచింది. దగ్గరికొచ్చినప్పుడల్లా దూడ బెదిరి వెనక్కిపోయింది. విజిలు వేసేసరికి హైమ గుమ్మానికి జారగిలబడి ఆవలిస్తోంది.

"ఇంతసేపూ ఏం పని చేశావమ్మా?"

"ఏమీ లేదండీ."

"మరి ఆ అలసటేం?"

హైమ చటుక్కున యంత్రం వైపు తిరిగింది. తన ప్రోగ్రాం క్షణక్షణం డబ్బాను "నీళ్ళు పెరిగాయా, పెరిగాయా" అని అడుగుతూనే ఉంది. ఇక ప్రాసెసరు రెప్ప వాల్చిందెప్పుడు? నీరు కదిలితే డబ్బాయే తట్టి లేపేలా అప్పటికప్పుడు తిరగరాసింది. అంతటితో ఆగితే హైమ ఎందుకవుతుంది? దొరికిన ప్రతి సందులోనూ ప్రాసెసరును అట్టడుగు నిద్రలోకి తోసేసింది.

మర్నాడు గాలి లేచింది. ప్రతి అలా డబ్బాను కదుపుతోంది, డబ్బా యంత్రాన్ని లేపుతోంది, బ్యాటరీ మళ్ళీ బిక్కమొహం వేసింది. గురువుగారు మళ్ళీ పాలు పెట్టారు. ఈసారి చచ్చినా లేచి చూడనని ఒట్టేసుకుంది హైమ. లోపలి నుంచి పరుపు ఈడ్చుకొచ్చింది, దులిపింది, పరిచింది, దోమతెర కొసలన్నీ స్తంభాలకు కట్టి లోపలికి దూరింది. విజిలేసింది. తెరలో కాలు చిక్కుకుని ఆమె గింజుకుంటుంటే గురువుగారే వెళ్ళి స్టవ్ కట్టేశారు.

"కునుక్కి గోడ చాలదుటమ్మా? దోమతెరెందుకు?"

కాఫీ చల్లారేలోపు హైమ మళ్ళీ ప్రోగ్రాం తెరిచింది. అట్టడుగు నిద్రలోకి దిగడానికీ, లేవడానికీ అయ్యే కరెంటే ఆ నిద్రలో మిగిలేదాన్ని మించిపోతోంది. అల వెంట అల వస్తుంటే గోడకానుకునే కునుకు. వాగు సద్దుమణిగాక దోమతెర నిద్ర.

తర్వాత ముసురు పట్టింది. ఎండ మొహం ఎరగని పగళ్ళు ఒకదాని మీద ఒకటి జోగాయి. యంత్రం మీది దీపం ఆరిపోయే ఉంది. ఒక సాయంత్రం ఎగువ కొండల్లో ఉరిమింది. గౌరమ్మ మేకల గంటలు నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టు, చప్టా వైపు వస్తూ వినిపించాయి. హైమ చెయ్యి ఆగలేక యంత్రం మీదికి పోయింది.

"చచ్చిపోయిందేమోనండీ. ఒక్కసారి లేపి చూస్తాను."

"నిన్ను తట్టి లేపి, నిద్రపోతున్నావా అనడిగితే ఎలా ఉంటుంది?"

చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడు దీపం వెలిగింది, సైరన్ కొండంతా కూసింది. కింద గంటలు ఆగాయి. గౌరమ్మ అదిలింపు, తర్వాత వెనక్కి గట్టెక్కుతున్న గంటలు. ఆ వెనకే ఎర్రనీళ్ళు చప్టాను కప్పేశాయి. హైమ తడికళ్ళతో బ్యాటరీ చూసింది. సగానికి పైనే ఉంది!

"ఎంత పని చేసిందండీ!"

"పని చెయ్యడం ఎవరైనా నేర్పుతారమ్మా," అంటూ గురువుగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. "ఆ దోమతెర ఇలా పడెయ్యి."