గోగమ్మ జుట్టు

ఒకప్పుడు గోగు మొక్కకి జుట్టుండేది. అవును, మనం పచ్చడి చేసుకుని లొట్టలేసుకుంటూ తినే గోగే! ఇప్పుడు బెరడు కింద ఉండే నార అప్పట్లో పైనే, తల నుంచి మడమల దాకా వేలాడేది. తేనె రంగు, పట్టుకన్నా మెత్తన.

ఏటి ఒడ్డున నిలబడి గోగమ్మ రోజంతా కలలు కనేది. గాలి వచ్చి జుట్టు దువ్వేది, ఏరు అద్దం పట్టేది. పని చెప్పేవాళ్ళు లేరు. చెబితే వినే రకమూ కాదులెండి.

ఆ ఒడ్డునే సన్నెమ్మ అనే రైతు ఉండేది. ఆ ఏడు పండిన పంటలో విత్తనాల వడ్లు మాత్రం కళ్ళంలో కుప్పగా మిగిలాయి. అవి పోతే వచ్చే ఏడు పొలంలో చల్లడానికి గింజ ఉండదు.

ఇంట్లో పోద్దామంటే నేలంతా చెమ్మ. కుండలో పోసి మూతికి మట్టి మెత్తింది. "ఊపిరాడట్లేదు!" అని లోపల వడ్లు గోల పెట్టాయి. తీసి చూస్తే ఒళ్ళంతా చెమటలు! పాత చీరలో మూట కట్టింది. వడ్ల ముళ్ళు గుచ్చుకుని చీర చిల్లులు పడింది.

ఇంతలో కొండమీదికి మబ్బు వచ్చి కూర్చుంది. చీర చెంగున నాలుగు వడ్లు ముడేసుకుని సన్నెమ్మ గోగమ్మ దగ్గరికి పరిగెత్తింది.

"ఓలమ్మ, వాన తగిల్తే నా ఇత్తనాలన్నీ కళ్ళంలోనే మొలకెత్తీసి సచ్చిపోతాయి. నీ జుట్టియ్యవా తల్లీ? సంచి నేసుకుంతాను."

"అమ్మో! జుట్టు పోతే నాకింకేం మిగుల్తుంది?" అని గోగమ్మ గట్టిగా కళ్ళు మూసేసుకుంది.

సన్నెమ్మ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె చెంగులోంచి ఒక గింజ జారి గోగమ్మ కాళ్ళ దగ్గర పడింది.

"అక్కా, నేనూ కల కంటున్నాను," అంది గింజ. "వచ్చే ఏడు పొలం నిండా పచ్చగా ఊగుతున్నట్టు. వాన ఇప్పుడే లేపేస్తే నా కల సగంలో పోతుంది."

కలంటే ఏమిటో గోగమ్మకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఆమె కళ్ళు తెరిచి కొండమీదికి చూసింది.

"మబ్బు మామా, కాస్త ఆగవా?"

"మోయలేకపోతున్నానే! సరే, బిగబట్టుకుంటాను. తొందరగా కానీ," అంది మబ్బు.

గోగమ్మ వెళ్ళి ఏటి నీళ్ళలో పడుకుంది. ఏరు ఆమె జుట్టు నిమిరింది. "ఇంత మెత్తగా ఉంటే వడ్లు జారిపోతాయమ్మా. గరుకుగా మార్చాలి. ఒకసారి మారితే మళ్ళీ మెత్తబడదు. సరేనా?"

గోగమ్మకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే "సరే" అంది.

ఏరు జోల పాడుతూ ఆమెని నానబెట్టింది. లేచేసరికి జుట్టు గరగరలాడుతూ ఊడి వచ్చేసింది. గోగమ్మ కేకేస్తే సన్నెమ్మ పరిగెత్తుకొచ్చి, దాన్ని పురిపెట్టి, గాలి ఆడేలా వదులుగా సంచి నేసింది. వడ్లు పోసి, మూతి కుట్టి, ఇంట్లో దూలానికి వేలాడదీసింది. మబ్బు "హమ్మయ్య!" అని ఒక్కసారిగా కురిసేసింది.

ఒడ్డున బోడి కాడతో నిలబడి, గోగమ్మ సిగ్గుతో తల దించుకుంది. అంతలో వానలో ఎవరో వస్తున్నారు. సన్నెమ్మే! సంచి నేయగా మిగిలిన గోనెపట్టాని ఒక మూలలోకి ఇంకో మూల దూర్చి తలమీద కప్పుకుంది. ఒక్క చుక్క కూడా తగల్లేదు.

"సూడు తల్లీ, నీ జుట్టెక్కడికీ పోనేదు. నా నెత్తి మీదే ఉంది!"

గోగమ్మ ఏడుపు మధ్యలోనే నవ్వేసింది. అది చూసి ఏరు మాటిచ్చింది. "ఇకమీద నీ జుట్టు బెరడు కింద దాస్తాను. నా ఒడిలో నిన్ను నిద్రపుచ్చినవాళ్ళకే అది దక్కుతుంది."

అప్పటినుంచే గోగునార బెరడు కింద దాక్కుంటోంది. నీళ్ళలో నానితే గాని ఊడి రాదు, వచ్చాక గరుకుగానే ఉంటుంది. విత్తనాలు గోనెసంచిలో ఊపిరి పీల్చుకుంటూ కలలు కంటాయి. వానలో ఎవరైనా గోనె కప్పుకుని పొలానికి వెళ్తుంటే, గోగమ్మ సగం నిద్రలోంచి లేచి తన జుట్టుని చూసుకుంటుంది.