కప్పకు గొంతు లేచిన రోజు

ఒకప్పుడు కప్పలకు అరవడం తెలీదు. ఏం చెప్పుకున్నా గుసగుసలే. గుడ్లు కూడా ఏ నీళ్లు కనిపిస్తే ఆ నీళ్లలో పెట్టేసేవి.

ఆ రోజుల్లో ఒక కాలువగట్టున మట్టమ్మ, నాచమ్మ అనే రెండు కప్పలు ఉండేవి. వరసకు తోడికోడళ్లు. పెద్దదైన మట్టమ్మది మట్టిరంగు. నాచమ్మది లేతపచ్చ. దాని పిల్లలూ పచ్చగా నిగనిగలాడేవి. దారిన పోయే తూనీగ ఆగి, "ఎంత ముద్దొస్తున్నారో" అనేది. మట్టమ్మ పిల్లల మీంచి మాత్రం ఆగకుండా ఎగిరిపోయేది.

మట్టమ్మకు కడుపు మండిపోయేది. నాచమ్మ ప్రేమగా తెచ్చిపెట్టిన దోమ కూడా నోటికి చేదుగా తగిలేది.

కాలువ అవతల బట్టలకు రంగులు అద్దేవాళ్లు ఉండేవారు. మిగిలిన రంగునీళ్లు ఒక గుంటలో పారబోసేవారు. ఆ గుంట ఒకపక్క ఎర్రగా, ఒకపక్క నీలంగా మెరిసేది. ఈసారి గుడ్లు పెట్టే వేళకు మట్టమ్మ ఎవరికీ చెప్పకుండా అక్కడికి వెళ్లింది.

"మాలోకి రాకమ్మా," అన్నాయి నీళ్లు. "మాలో ఏమేం కలిశాయో మాకే తెలీదు. ఒక్క చేపా బతకలేదు."

"చేపల సంగతి నాకెందుకు? నా పిల్లలు నెమలి పింఛంలా పుట్టాలి. నాచమ్మ మొహం మాడిపోవాలి," అంటూ మట్టమ్మ గుడ్లు పెట్టేసింది.

వచ్చి ఊరుకుందా? "నా పిల్లలు రంగునీళ్లలో పెరుగుతున్నారు, చూద్దువుగానిలే," అని నాచమ్మ దగ్గర గొప్పలు పోయింది. ఆ రోజు మాత్రం నాచమ్మ దోమ తేలేదు.

గుడ్లలో చాలావరకు తెల్లబడి ముద్దయిపోయాయి. బతికినవాటికి తోకలు పోయి కాళ్లొచ్చాయి. ఒకదానికి వెనక ఒక కాలు ఎక్కువ. ఒకదానికి ఒక కన్నే లేదు. రంగు ఎవరికీ రాలేదు.

"అమ్మా, ఈ కాలు నా మాట వినడం లేదు. గెంతబోతే అడ్డం పడుతోంది," అంది పెద్దపిల్ల.

మట్టమ్మ ఏడుపు దిగమింగుకుంది. నాచమ్మ కంట పడతారేమోనని పిల్లలందర్నీ గుంట పక్కన తుంగ చాటున దాచింది.

ఒక సాయంత్రం మబ్బు కమ్ముకుంది. చూస్తే నాచమ్మ వస్తోంది, పొట్టనిండా గుడ్లతో, గుంట వైపే.

దిగనీ, అనుకుంది మట్టమ్మ. దాని పిల్లలూ ఇలాగే పుట్టనీ. ఇక తూనీగ ఎవరి దగ్గరా ఆగదు. అలా అనుకుంటే లోపల చల్లగా కూడా అనిపించింది.

పక్కన పెద్దపిల్ల మళ్లీ గెంతబోయి బోర్లా పడింది. ఎక్కువైన ఆ కాలు గాల్లో కొట్టుకుంటోంది.

నాచమ్మ నీళ్ల అంచుకు వచ్చేసింది. మట్టమ్మ "వద్దు" అంది. గుసగుస వినిపించలేదు. ఊపిరంతా బిగబట్టింది. గొంతు కింద చర్మం బుడగలా ఉబ్బింది.

"వద్దే... బెక... వద్దే... బెకబెక..."

ఆ అరుపుకు కాలువంతా దద్దరిల్లింది. నాచమ్మ ఆగిపోయింది. మట్టమ్మ తుంగ పక్కకు జరిపి పిల్లల్ని చూపించింది. "నీ మీద కుళ్లుతో చేసుకున్నానే," అంది.

నాచమ్మ పిల్లల దగ్గరికి గెంతింది. "నేనూ కుళ్లుతోనే వచ్చానక్కా," అంది. వంగి పెద్దపిల్లను వీపు మీదికి ఎక్కించుకుంది.

అంతలో వాన మొదలైంది. పొలాల్లో పల్లాలన్నీ కొత్తనీళ్లతో నిండాయి. మట్టమ్మ ముందుగా దిగి చూసి, "ఇవి మంచివే, ఇటు రండి," అని అరిచింది. అది విన్న కప్పలు దూరాన ఉన్నవాటికి అరిచి చెప్పాయి.

మట్టమ్మ పిల్లల కాళ్లూ కళ్లూ బాగుపడలేదు. తోడికోడళ్లిద్దరూ కలిసి వాటిని పెంచారు.

అప్పటినుంచే వాన పడితే చాలు, కప్పలు గొంతు ఉబ్బించి అరుస్తాయి. మంచినీళ్లు ఎక్కడున్నాయో ఒకదానికొకటి చెప్పుకుంటాయి. నీళ్లు పాడైన చోట మాత్రం ఎంత వాన కురిసినా వాటి గొంతు వినిపించదు.