'నేను' అన్న బొల్లిమేక

సీతాఫలం పొదలు కమ్ముకున్న ఆ రాళ్ళగుట్ట మీద చిరుత పెట్టిన హుకుం ఒకటుంది. "నేను" అనే మాట వాడొక్కడిదేనట. మిగతా జంతువులు తమ గురించి పరాయివాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పుకోవాలి. ఆకలేస్తే కుందేలు "కుందేలుకి ఆకలేస్తోంది" అనాలి. దెబ్బ తగిలితే దుప్పి "దుప్పికి నొప్పిగా ఉంది" అని మూలగాలి. ఒళ్ళు కొవ్వెక్కితే ఇలాంటి బుద్ధులే పుడతాయి మరి. ఒకసారి నోరు జారిన నెమలికి తోక ఊడబెరికాడు.

ఒక పొద్దున బొల్లిమేక పిల్లకి పాలిస్తుంటే చిరుత తరఫున నక్క వచ్చింది.

"దొరగారికి లేత మాంసం మీద మనసైంది. సాయంత్రానికి నీ పిల్లని పంపాలి. 'మేక పంపుతుంది' అని ఒక్క మాట అంటే, నక్క వెళ్ళి చెప్పేస్తుంది."

బొల్లి పిల్లకి అడ్డంగా నిలబడింది. "ఇవ్వను" అందామంటే ఆ మాటలోనూ "నేను" ఉన్నట్టే. వింటే చిరుత ఇద్దర్నీ మింగేస్తాడు. "మేక పంపుతుంది" అంటే ఎక్కడో ఇంకో మేక ఇంకెవరి పిల్లనో పంపుతున్నట్టుంది. కన్నతల్లి అనదగ్గ మాటేనా అది?

ఇంతలో కింద పొదలు విరిగిన చప్పుడైంది. అడవిపందుల మంద బిలబిలా ఎక్కొచ్చింది. అంతసేపూ గుట్ట కొమ్మున కూర్చున్న చిరుత చడీచప్పుడు లేకుండా బండ వెనక దూరాడు. బొల్లి అది చూసింది.

"మా కూనని ఎత్తుకొచ్చి తిన్నదెవరు?" అంది ముసలి పంది. "కుందేలా, నువ్వా?"

"కుందేలు గడ్డే తింటుంది."

"దుప్పీ, నువ్వు చూశావా?"

"దుప్పికి తెలీదు."

"ఇవేం మాటలర్రా? 'నేను' అనేవాళ్ళే లేరా ఇక్కడ?"

"ఉన్నాను," అంది బొల్లి. నక్క కళ్ళెర్రజేసినా ఆగలేదు. "నేనున్నాను. నా పిల్లని నేను ఎవరికీ ఇవ్వను. ఈ మాట ఇన్నాళ్ళూ ఒకాయనదే అన్నారు. ఇప్పుడు పిలిస్తే పలకలేదు కాబట్టి ఇకనుంచి ఇది నాది."

చిరుతకి అరికాలి మంట నెత్తికెక్కింది. పందుల సంగతే మరిచి బండ మీదికి గెంతాడు.

"ఎంత కండకావరమే నీకు? ఈ గుట్ట మీద వేటాడేది నేను, చంపేది నేను, తినేది నేను. నేను తప్ప ఇంకెవరూ కాదు."

"విన్నారుగా," అంది బొల్లి పందులతో.

విన్నాయి. గుట్ట దిగి వాగు దాటేదాకా తరిమాయి. పిక్క చీలిన చిరుత కుంటుకుంటూ పోయినవాడు మళ్ళీ ఇటు రాలేదు.

నక్క నెమ్మదిగా బొల్లి పక్కన చేరింది. "మేకగారూ, ఇందులో నక్క తప్పేం లేదు. చిరుత చెప్పమంటే చెప్పింది, అంతే."

"ఎవరు చెప్పింది? ముందు 'చెప్పాను' అను. తర్వాత మాట్లాడదాం."

నక్క తోక ముడుచుకుని గుట్ట దిగిపోయింది.

నీతి: "నేను" అనే మాట తనొక్కడికే కావాలన్నవాడు, దాని వెంట వచ్చే పనులన్నిటికీ ఒక్కడే జవాబు చెప్పుకోవాలి.