పరుగెత్తని గుర్రం మీద పందెం

అనగా అనగా, సముద్రం ఇప్పటికంటే ఒక క్రోసెడు ఇవతలికి ఉండే కాలంలో, ఉప్పురేవు అని ఒక ఊరుండేది.

ఆ ఊళ్లో పండేది ఉప్పొక్కటే. మడుల్లో తెల్లగా పేరుకున్న ఉప్పును పోగుచేసి, పడవల మీద ఏరు దాటించి, అవతలి ఒడ్డు సంతలో అమ్మేవాళ్లు. అదే పడవలో బియ్యం తెచ్చుకునేవాళ్లు. పడవ ఉంటే ఇంట్లో పొయ్యి వెలిగేది. పడవ లేనివాళ్లు పక్కింటి పడవలో తమ మూట కూడా వేసేవాళ్లు. అంతకు మించి వాళ్లకు లెక్కలు తెలియవు.

ఊరి చివర మాచమ్మ, పైడమ్మ అని అక్కాచెల్లెళ్లు ఉండేవాళ్లు. తండ్రి పోతూ పోతూ ఇద్దరికీ కలిపి ఒక పడవ ఇచ్చి పోయాడు. ముందు నిలబడి గెడ వేసేది పైడమ్మ. వెనక కూర్చుని చుక్కాని పట్టేది మాచమ్మ. ఒకరు లేకపోతే ఆ పడవ నిండు బరువుతో ఏరు దాటలేదు. దాటినంతసేపూ ఇద్దరూ పోట్లాడుకుంటూనే ఉండేవాళ్లు. ఒడ్డున బట్టలు ఉతికే ఆడవాళ్లు ఆ గొడవ విని, "అదిగో, బియ్యం వచ్చేస్తున్నాయి" అనుకునేవాళ్లు.

ఉప్పురేవులో ఒక ఆచారం ఉంది. ఎవరి చేతి తాంబూలం అందుకుంటారో, వాళ్ల మాటకు ఎదురు ప్రశ్న వేయకూడదు. వేస్తే, ఇచ్చినవాళ్ల ముఖాన ఉమ్మినట్టే. చిన్న ఊరు, అందరికీ అందరూ తెలుసు. కాబట్టి ఆ ఆచారం వల్ల అప్పటిదాకా ఎవరికీ ఏ కీడూ జరగలేదు.

ఒకనాడు మణిగుప్తుడనే వర్తకుడు పల్లకీలో వచ్చాడు. రచ్చసావడిలో నిలబడి చేతులు జోడించాడు.

"అమ్మలారా, అయ్యలారా! రాజధానిలో ప్రతి పున్నమికీ గుర్రప్పందేలు జరుగుతాయి. పిడుగు అని ఒక గుర్రం ఉంది. దానికి ఓటమి అంటే ఏమిటో తెలియదు. ఒక్కొక్కరు విడివిడిగా కాస్తే వచ్చేది చిల్లర. అందరం ఒక కూటమిగా కాస్తే కొండ! మీ బంగారం నా చేతికివ్వండి. మీరు కాలు కదపక్కర్లేదు. పున్నమి దాటగానే గెలుపు సొమ్ము మీ గుమ్మంలోకి వస్తుంది."

అలా అని, వచ్చినవాళ్లందరికీ రెండు చేతులా తాంబూలం ఇచ్చాడు.

మొదట కొద్దిమందే ఇచ్చారు. పున్నమి దాటింది. సొమ్ము వచ్చింది! మరుసటి పున్నమికి ఇంకొంతమంది ఇచ్చారు. వాళ్లకూ వచ్చింది. ఇక ఊరు ఆగుతుందా? గాజులు పోయాయి, గొలుసులు పోయాయి. బంగారం అయిపోయాక పడవలు అవతలి ఒడ్డు వర్తకులకు అమ్మేసి, ఆ సొమ్ము కూడా కూటమిలో పోశారు. ఉప్పు మడుల్లోనే గుట్టలు పడింది. దాన్ని దాటించే అవసరం ఎవరికి? బియ్యం కొని తెప్పించుకుంటున్నారు.

పైడమ్మ ఒక సాయంత్రం అక్క పక్కన కూర్చుంది.

"అక్కా, మన పడవ కూడా అమ్మేద్దామే."

"ఉప్పెలా దాటిస్తావు? నెత్తిన పెట్టుకుని ఈదుతావా?"

"దాటించడమెందుకే? గుర్రం పరిగెడుతుంది, మనం తింటాం. ఊరంతా తింటోంది. నీకొక్కదానికే అరగట్లేదు."

"ఆ గుర్రాన్ని ఎవరైనా చూశారా?"

"మొదలెట్టావా! పెళ్లిచూపులకొచ్చినవాణ్ణి కూడా ఇలాగే ప్రశ్నలడిగి తరిమేశావు."

"వాడికి జవాబు రాకపోతే నా తప్పా?"

పైడమ్మ నవ్వలేదు. "నాకూ ఒక మంచి చీర కట్టుకోవాలని ఉంటుందక్కా. చేతులు కాయలు కాయకుండా ఒక్క ఏడాది బతకాలని ఉంటుంది. నీకు ప్రశ్నలు చాలు. నాకు చాలవు."

ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప ఆ పడవ అమ్ముడుపోదు. మాచమ్మ ఒప్పుకోలేదు. పైడమ్మ తన వాటా గాజులు తీసుకుని వెళ్లి మణిగుప్తుడికి ఇచ్చింది, తాంబూలం అందుకుంది. "ఈ తాంబూలం నమిలిన నోటితో ఇక నీతో మాట్లాడను" అని చెప్పి, మూట సర్దుకుని పిన్ని ఇంటికి వెళ్లిపోయింది.

ఆ ఇంట్లో మాచమ్మ ఒక్కతే మిగిలింది. అన్నం మాత్రం చాలాకాలం ఇద్దరికీ సరిపడానే వండింది. చెయ్యి ఆ కొలతకు అలవాటు పడిపోయింది మరి.

అయినా ఆమె అడగడం మానలేదు.

మొదట మణిగుప్తుణ్ణే అడిగింది. ఆయన సొమ్ము పంచుతున్న రోజున, జనం మధ్యలో నిలబడి అడిగింది.

"అయ్యా! పోయిన పున్నమికి తుఫాను. రాజధాని మైదానంలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయని, ఆ రోజు ఒక్క గుర్రమూ పరిగెత్తలేదని సంతలో వర్తకులు చెప్పారు. మరి మీరిప్పుడు పంచుతున్నది ఏ గెలుపు సొమ్ము?"

పిల్లలూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఇంత సూటి ప్రశ్న విన్నాక ఒక ఊరు ఏం చేయాలి? ఉలిక్కిపడాలా వద్దా?

మణిగుప్తుడు చిరునవ్వు నవ్వాడు. "విన్నారా? గుర్రాలు పరిగెత్తని నెలలో కూడా మీ సొమ్ము మీకు తెచ్చాను. ఇంతకన్నా నమ్మకస్తుడు మీకు దొరుకుతాడా?"

జనం చప్పట్లు కొట్టారు! "ఓర్వలేనితనం! తనకు రాలేదని ఏడుపు!" అని ఎవరో అరిచారు. ఆ గొంతు తన చెల్లెలిది కాకూడదని మాచమ్మ కోరుకుంది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం మాత్రం చేయలేదు.

రెండోసారి ఊరిపెద్ద నూకయ్యను అడిగింది. ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"తల్లీ, నువ్వడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. నాకూ ఆ అనుమానం ఉంది. కానీ నేను ఆయన చేతి తాంబూలం పుచ్చుకున్నానే! ఎలా అడగను?"

"మరి నన్ను అడగనివ్వండి పెద్దయ్యా. నేను పుచ్చుకోలేదుగా."

"నువ్వడిగితే మాకు తల కొట్టేసినట్టుంటోందమ్మా. ఊరుకో."

ఆనాటి నుంచి ఊరు ఆమెను పక్కన పెట్టింది. వెలివేశామని ఎవరూ అనలేదు. బావి దగ్గరికి ఆమె వస్తే చాలు, మిగిలినవాళ్లకు ఇంట్లో పని గుర్తొచ్చేది. పొయ్యిలో నిప్పు ఆరిపోయి పక్కింటి తలుపు తడితే, "మా పొయ్యీ ఆరింది" అనేవాళ్లు, కప్పులోంచి పొగ లేస్తూ ఉండగానే. పడవలో ముందు చోటు ఖాళీ. సగం సగం మూటలు వేసుకుని, ఒడ్డు వెంబడే లోతు తక్కువున్న చోటుదాకా పోయి, ఒక్కతే గెడ వేసుకుంటూ దాటేది. పోట్లాడటానికి మనిషి లేక ఏటితో మాట్లాడేది. ఏరు ఎదురు చెప్పేది కాదు. అదే ఆమెకు అన్నిటికన్నా కష్టంగా ఉండేది.

ఇక మూడోసారి అడగడానికి ఒక్క గుర్రమే మిగిలింది. మాచమ్మ రాజధానికి బయలుదేరింది.

పెద్ద పెద్ద గుర్రపుశాలలు వెతికి, వెతికి, కోట గోడ పక్కన చిట్టచివరి పాకలో పిడుగును చూసింది. ఎముకలు తేలిన ముసలి గుర్రం. ముందరికాలు వంకర తిరిగి ఉంది. ముందున్న తొట్టిలో దుమ్ము తప్ప గడ్డి లేదు.

"పిడుగంటే నువ్వేనా?"

గుర్రం తలెత్తింది. గుర్రాలు మాట్లాడతాయా అనకండి. మాట్లాడతాయి, అడిగినవాళ్లతో.

"నేనే. ఆ పేరుతో నన్ను పిలిచి ఎన్నాళ్లయిందో!"

"నువ్వు ప్రతి పున్నమికీ గెలుస్తున్నావట. మా ఊరంతా నీ మీదే బతుకుతోంది."

గుర్రం తల అడ్డంగా ఊపింది. "కాలు విరిగినప్పటి నుంచి నేను ఈ పాక దాటలేదమ్మా. నా మీద ఇంతమంది ఆశ పెట్టుకున్నారా? మరి ఒక్కరైనా ఒక గడ్డిపరక పట్టుకు రాలేదేం? ఒక్కరైనా నేనెలా ఉన్నానో చూడ్డానికి రాలేదేం?"

మాచమ్మ బయటికి వెళ్లి పచ్చగడ్డి కోసుకొచ్చి తొట్టిలో వేసింది. అది తింటున్నంతసేపూ దాని మెడ మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ ఇద్దరికీ మాట్లాడేవాళ్లు దొరికి చాలా కాలమైంది.

ఊరికి తిరిగొచ్చి రచ్చసావడిలో నిజం చెప్పింది.

"ఎవరు చెప్పారు నీకు?" అని అడిగారు.

"గుర్రమే చెప్పింది."

ఊరు పగలబడి నవ్వింది. "గుర్రం మాట్లాడిందట! మనుషులు మాట్లాడకపోతే ఇలాగే అవుతుంది పాపం!"

కొంతకాలానికి మణిగుప్తుడే మాచమ్మ దగ్గరికి వచ్చాడు. పల్లకీ దిగి, ఏటి ఒడ్డున బురదలో నిలబడ్డాడు.

"మాచమ్మా, నీ పడవ కూటమిలో పెట్టు. అందరికీ ఇచ్చేదానికి రెట్టింపు ఇస్తాను."

"ఊరి బంగారమంతా మీ దగ్గరే ఉంది. ఓడిపోని గుర్రమూ మీ దగ్గరే ఉంది. అలాంటిది ఈ పాత పడవ కోసం బురదలోకి దిగారేమిటయ్యా?"

మణిగుప్తుడి ముఖం పాలిపోయింది. తాంబూలం పళ్లెం ముందుకు చాపాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

ఆ పున్నమికి సొమ్ము రాలేదు. మణిగుప్తుడూ రాలేదు. అప్పుడు జనం పరిగెత్తుకొచ్చి ఎవరి మీద పడ్డారనుకున్నారు? మాచమ్మ మీద! "నువ్వు చేరకపోబట్టే ఆగిపోయింది! నీ ఒక్కదాని మొండితనం వల్ల ఊరు మునిగింది!"

చివరికి ఊరు రాజుగారికి మొరపెట్టుకుంది. రాజభటులు మణిగుప్తుణ్ణి పక్క రేవులో పట్టుకుని, రాజుగారి ముందు నిలబెట్టారు. ఉప్పురేవు జనమంతా సభకు వెళ్లారు. వాడి పెట్టెలు తెరిస్తే ఖాళీ.

"వీళ్ల సొమ్మేది?" అని రాజు గర్జించాడు.

"ప్రభూ, చాలామటుకు వీళ్లకే పంచాను. తర్వాత వచ్చినవాడిది తీసి ముందు వచ్చినవాడికి ఇచ్చాను. నా పల్లకీకీ పట్టుబట్టలకూ కొంత వాడుకున్నాను. కొత్తవాళ్లు వచ్చినన్నాళ్లూ నడిచింది. ఊళ్లో కొత్తవాళ్లు అయిపోయారు, ఆగిపోయింది."

"మరి పందెం?"

"ఒక్కసారీ కాయలేదు ప్రభూ. గుర్రాలను నమ్ముకుంటే మునిగిపోతామని నాకు తెలుసు."

రాజు వాణ్ణి చెరసాలలో వేయించాడు. దానివల్ల ఎవరికి ఏమొచ్చింది? తిరిగి ఇవ్వడానికి ఏమీ లేదు. జనం ఇంటిదారి పట్టారు. దారిలో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. పైడమ్మ ముక్కున కొత్త ముక్కుపుడక మెరుస్తోంది. గెలుపు సొమ్ముతో చేయించుకున్నది. పిన్ని ఆ కూటమిలో చివరగా చేరింది, తన గొలుసుతో. ఆ గొలుసూ ఈ ముక్కుపుడకా పైడమ్మ మనసులో పక్కపక్కన కూర్చున్నాయి. ఇక ఆ ఇంట్లో ఆమెకు ముద్ద దిగలేదు.

ఊళ్లో ఉప్పు కొండల్లా ఉంది. బియ్యం గింజ లేదు. ఒక్క పడవ ఉంది.

జనం వచ్చి మాచమ్మ పడవ ముందు తల వంచుకుని నిలబడ్డారు. ఆమెకు కోపం లేదనుకోకండి. ఉంది. వీళ్లందరినీ నిలబెట్టి ఏమనాలో ఒంటరి రోజుల్లో మాట మాటా కూర్చి పెట్టుకుంది. నోరు తెరిచింది కూడా. ఎదురుగా చంకల్లో పిల్లలు, వాళ్ల చేతుల్లో ఖాళీ చిప్పలు కనబడ్డాయి. వాదం తనే గెలిచింది. కానీ ఆ గెలుపును చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు.

"మూటలు ఎక్కించండి" అంది.

అందరి ఉప్పూ ఎక్కేసరికి పడవ అంచుదాకా మునిగింది. ఒక్క మనిషితో కదిలే బరువు కాదది. అప్పుడు పైడమ్మ జనంలోంచి వచ్చింది. ఏమీ అనకుండా ముందు చోట నిలబడి గెడ అందుకుంది. పడవ కదిలింది.

సగం ఏరు దాటాక పైడమ్మ వెనక్కి తిరగకుండానే అడిగింది.

"నన్నెందుకు ఆపలేదక్కా?"

"ఆపానే."

"నాతో వాదించావు. ఒక్కసారైనా చెయ్యి పట్టుకుని, నువ్వెళ్లిపోతే నేనుండలేనని అన్నావా?"

అందరినీ ప్రశ్నలడిగిన మాచమ్మ ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయింది. చుక్కాని వదలకుండానే ముందుకు వంగి, గాలికి మూటల మీదుగా ఎగిరొచ్చిన చెల్లెలి చీర చెంగు అందుకుని పట్టుకుంది. ఒడ్డు వచ్చేదాకా వదల్లేదు.

కాబట్టి పిల్లలూ, కష్టపడకుండా వచ్చిన లాభం ఎవరి ఇంట్లోంచి వచ్చిందో అడిగి తీరాలి. అలా అడిగిన మనిషిని ఏ ఊరూ ఒంటరిని చేయకూడదు.