ఒక తెప్ప, మూడు కుప్పలు

గోదారి పొంగుతోంది. పొద్దుగూకేలోగా లంకలోని జీవాలన్నీ అవతలి ఒడ్డు చేరాలి. అక్కడ గడ్డిపరక దొరకదు. పోగేసుకున్న ఎండుగడ్డంతా అరటిబోదెల తెప్పకెక్కించి, ఒక్క తడవలో దాటించాలి.

గేదె ఒక్కతే గడ్డి కరుచుకొస్తోంది, తెప్పెక్కి తొక్కుతోంది, మళ్లీ దిగుతోంది. కుప్ప రాయిలా గట్టిగా వస్తోంది గానీ పని నత్తనడక. మేకమ్మకు కాలు నిలవడం లేదు. పెద్దవాళ్లంతా ఈదుకుంటూ పోతారు. ఈతరాని తన పిల్లకు తెప్ప మీద జానెడు చోటు మిగలాలి కదా!

నక్క వినయంగా వచ్చింది. "ఆలస్యం అమృతం విషం వదినా! గేదె, ఎద్దు, గాడిద ఒడ్డునే తలొక కుప్ప తొక్కితే చిటికెలో పని."

చిటికెలోనే అయింది, కాదనను. తీరా ఎక్కించబోతే రెండు కుప్పలే పట్టాయి! ప్రతిదానికీ అంచులు వదులు, మధ్యలో సందులు.

"మంది ఎక్కువైతే మజ్జిగ పలచన" అని గేదె నిట్టూర్చింది.

"అయ్యో పాపం! మూడో కుప్ప వరదకు మునగని ఆ చిన్న మిట్ట మీద ఉంచండి" అంది నక్క. "పిల్లకీ చోటు లేదుగా, దాన్నీ ఉంచండి. వరద తీసేదాకా నేను కాపలా ఉంటా."

మేకమ్మ పిల్లకు అడ్డం నిలిచింది. "నా పిల్లకు నువ్వు కాపలానా? నా ప్రాణం పోయినా వదలను."

"మళ్లీ గేదె ఒక్కతే తొక్కితే తెల్లారిపోతుందమ్మా" అన్నాడు ఎద్దు.

మేకమ్మ తెప్ప వంక తేరిపార చూసింది. "మావా, అక్కకు ఆలస్యమైంది తొక్కడంలో కాదు, దిగి ఎక్కడంలో! అక్కా, నువ్వు తెప్ప దిగకు. మీరిద్దరూ కుప్పలు విప్పి అందించండి. నేను కొసలు సర్దుతా."

"ఇంత కష్టపడి తొక్కింది విప్పాలా?" అని గాడిద గునిసింది.

"విప్పాల్సిందే అన్నా!" అంటూ మేకమ్మ తానే మొదటి కుప్ప కొమ్ములతో కుమ్మింది.

అటునుంచి ఎద్దు, ఇటునుంచి గాడిద అందిస్తుంటే గేదె ఊపిరి తీసుకోకుండా తొక్కింది. నీళ్లు గిట్టలు తడిపాయి. ఎవరూ ఆగలేదు. పొద్దు వాలేసరికి గడ్డంతా ఒకే కుప్పయి తెప్ప మీద ఒదిగింది. దాని పక్కన చోటు చూసి మేకపిల్ల ఎగిరి దూకింది.

పెద్దవాళ్లంతా ఈదుతూ నెట్టగా తెప్ప కదిలింది. నక్క ఒడ్డున తోక ఊపుతూ, "వదినా, పడుకోవడానికి గుప్పెడు గడ్డైనా వదిలిపెట్టు!" అని అరిచింది.

"పరక కూడా మిగల్లేదు బావా" అంది మేకమ్మ, పిల్లను ముట్టెతో లోపలికి నెడుతూ.

అందించడానికి పదిమందైనా ఉండొచ్చు, పేర్చేది మాత్రం ఒకే కుప్పగా పేర్చాలి.