మూడో దిబ్బరొట్టె

ఆ ఏడు గేదె నీలాలు తోటలో సపోటాలు విరగకాశాయి. ఎండాకాలమంతా ఆమె, గాడిద గంగులు కలిసి వాగు నుంచి నీళ్లు మోసి తడిపిన చెట్లవి. అడవిలో అందరికీ పంచినా ఇంకా మూడు బుట్టలు మిగిలాయి. మాగిన సపోటా రెండో పూటకి ఆగదు. అందుకని గుజ్జు తీసి, బియ్యపు రవ్వా బెల్లమూ కలిపి, మందపాటి గిన్నెలో దిబ్బరొట్టెలు కాల్చసాగింది. మొదటిది గంగులుకేనని ముందే మాటిచ్చింది.

మొదటి రొట్టె దించి ఆకులో పెట్టిందో లేదో, నక్క చిట్టెయ్య దిగాడు.

"పిన్నీ, నీ కంచె విరిగింది. తోటలో మేకలు పడ్డాయి."

పరుగెత్తి చూస్తే కంచె నిక్షేపంలా ఉంది. తిరిగొచ్చేసరికి ఆకు ఖాళీ.

"కాకులు పిన్నీ. ఎంత తోలినా పోలేదు," అన్నాడు మూతి నాక్కుంటూ.

నీలాలు పళ్లు కొరుక్కుంటూ మళ్లీ గిన్నెలో పిండి పోసింది.

రెండో రొట్టె దించగానే మళ్లీ వచ్చాడు. "గంగులు వాగులో పడ్డాడు పిన్నీ."

నీలాలు వాగుకేసి పరుగుతీసింది. గంగులు గట్టు మీద నింపాదిగా గడ్డి మేస్తున్నాడు. తిరిగొస్తే రెండో రొట్టె కూడా మాయం. ఆమెకి ఒళ్లు మండిపోయింది. తిండి పోతే పోయింది, ప్రాణం మీద అబద్ధమాడతాడా?

ఇక మిగిలింది ఒక్క బుట్ట. అది కూడా నక్క మింగితే గంగులుకి ముక్క దక్కదు. పిండి పోసి, గిన్నె కింద నిప్పులు వేసింది. మూత మీదా వేసి, పైన బూడిద కప్పింది. చిట్టెయ్య వచ్చేసరికి పొయ్యి చల్లారినట్టే కనిపించింది.

"గంగుల్ని పిలుచుకొస్తా. మూత ముట్టుకోకు, దానిమీద నిప్పులున్నాయి," అంది నీలాలు కటువుగా.

చిట్టెయ్య లోలోపల నవ్వుకున్నాడు. వాడు వచ్చేది ఎప్పుడూ రొట్టె దించాకే, కాల్చడం ఏనాడూ చూడలేదు. మూత మీద నిప్పులేమిటి, పిన్ని బొంకుతోంది, తానైనా అలాగే చెబుతాడు అనుకున్నాడు. ఆమె అటు తిరగగానే మూతని నోట కరిచి లాగాడు.

వాడి కేక వాగు దాకా వినబడింది. నీలాలు గంగులుతో వచ్చేసరికి, నీళ్ల తొట్టిలో మూతి ముంచి ఏడుస్తున్నాడు.

"నిజమే చెప్పావా పిన్నీ?"

"నిజమే చెప్పాను. నువ్వు నమ్మవని తెలిసే చెప్పాను. ఇంకోసారి గంగులు పేరెత్తావంటే కొమ్ములతో చెబుతా. పో."

రొట్టె మీద పడిన బూడిద ఊది, గంగులు ముందు పెట్టింది. వాడు ఆఖరి ముక్క తినేదాకా ఆమె కోపం తగ్గలేదు.

నోరు తెరిస్తే అబద్ధమాడేవాడికి ఎదుటివాళ్లు చెప్పే నిజం కూడా అబద్ధంలాగే వినిపిస్తుంది.