రాజుగారు తాగిన గంజి

పిల్లలూ, ఒక ప్రశ్న. పొద్దున పక్కింటి కామేశ్వరి ఈ గిన్నె నిండా గోంగూర పచ్చడి ఇచ్చి వెళ్ళింది కదా. వాళ్ళాయన పనిచేసే మిల్లు మూతబడి మూడు నెలలైంది. అయినా ఇచ్చింది. పచ్చడి మీరు మధ్యాహ్నమే ఊడ్చేశారు. మరి గిన్నె కడిగి కూడా నేనింకా ఎందుకు తిరిగివ్వలేదు? మరిచిపోయాననా? కాదు. వినండి.

మణిగుట్ట అని ఒకానొక రాజ్యం. దాని రాజు వీరకేసరి. మంచివాడే కానీ పొగడ్తంటే ప్రాణం. ఆయన కొలువులో గవరయ్య అని ఒక చమత్కారి ఉండేవాడు.

రెండేళ్ళు వరసగా వానలు లేవు. రాజు ధాన్యపు కొట్టు తెరిపించాడు. అక్కడితో ఆగితే బాగుండేది! ధాన్యం పుచ్చుకునేవాడు కోట ముందు అరుగెక్కి నిలబడాలని, డప్పు కొట్టి వాడి పేరు, తండ్రి పేరు, తాత పేరు ఊరంతా వినేలా చాటాలని శాసనం చేశాడు. ఎందుకంటారా? తన దానం నలుగురికీ తెలియడానికి.

పది రోజులకి వచ్చినవాళ్ళు పదకొండు మంది.

"చూశావా గవరయ్యా! నా రాజ్యంలో పేదలు పదకొండు మందే. రేపు సాయంత్రం కొట్టుకి తాళం వేయించేస్తాను" అని మీసం దువ్వాడు రాజు.

అసలు సంగతి గవరయ్యకి తెలుసు. నేతవీధిలో నలభై ఇళ్ళు. బట్ట కొనేవాడు లేక మగ్గాలన్నీ ఆగిపోయాయి. అతని చిన్ననాటి స్నేహితుడు మల్లప్ప ఉండేదీ అక్కడే. కోడలు ప్రసవించి తొమ్మిది రోజులు. ఆ పొద్దునే వెళ్ళి బతిమాలి వచ్చాడు గవరయ్య.

"ఒరే మల్లప్పా, ఒక్కసారి అరుగెక్కరా. ఆ పసిగుడ్డు మొహం చూసైనా."

"మా తాత నేసిన పట్టుపంచె కట్టుకునే రాజుగారి తాత సింహాసనం ఎక్కాడురా. అలాంటి మా తాత పేరు డప్పు మీద మోగాలా? ఎల్లుండి పొరుగు రాజ్యం పోతున్నాం."

ఆ ఎండలో, పసిపిల్లతో, పది ఆమడల నడక! తాళం పడేలోగా ఏదో ఒకటి చెయ్యాలి.

"ప్రభూ, పేదలే లేని రాజ్యాన్ని తమరొకసారి కళ్ళారా చూసుకోవద్దూ?" అన్నాడు గవరయ్య. రాజు పొంగిపోయాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం బయల్దేరారు. రోహిణి కార్తె. నీళ్ళకూజా మోసే భటుణ్ణి గవరయ్య ఏదో వంక పెట్టి వెనక్కి పంపేశాడు. తాను మాత్రం కండువా కింద గుండ్రంగా ఏదో దాచుకుని, రాజుని సందు సందూ తిప్పాడు. నేతవీధికి వచ్చేసరికి రాజు నాలుక పిడచగట్టుకుపోయింది. గుర్రం దిగి ఎదురుగా ఉన్న అరుగు మీద కూలబడ్డాడు. ఎవరింటి అరుగో చెప్పుకోండి? మల్లప్పదే!

మల్లప్ప భార్య రంగమ్మ తొంగి చూసింది.

"అయ్యయ్యో, వడదెబ్బ కొట్టేలా ఉంది బాబూ, ఉండండి" అంటూ లోపలికి పరిగెత్తి, కంచుగిన్నెలో ఉప్పేసిన గంజి తెచ్చింది. ముసలివాళ్ళిద్దరూ ఆ పూటకి పంచుకుందామని ఉంచుకున్నది అదే.

రాజు గటగటా తాగేశాడు. "ఆహా! అమృతంలా ఉందమ్మా!"

అంతే. గవరయ్య కండువా కిందనుంచి డప్పు బయటికొచ్చింది.

"వినండహో! గజకేసరి మనవడు, రణకేసరి కొడుకు, వీరకేసరి మహారాజు, నేతగాడు మల్లప్ప ఇంట గంజి ఉచితంగా పుచ్చుకున్నాడహో!"

తలుపులన్నీ తెరుచుకున్నాయి. రాజు మీసానికి మెతుకొకటి వేలాడుతోంది. మొహం కందగడ్డయింది.

"ఆపు! ఏమిటీ పిచ్చి?"

"శాసనం తమదే ప్రభూ. తమరు ముందే అరుగెక్కారు కాబట్టి నా పని సులువైంది. పక్కవీధిలో కూడా చాటి వస్తాను."

"చాటావంటే తల తీయిస్తాను! మధ్యలో మా తాతేం చేశాడు?"

"మల్లప్ప తాతేం చేశాడు ప్రభూ?"

రాజు మీసం మీది మెతుకు తుడుచుకున్నాడు.

"ఇందాక అమృతంలా ఉందన్నారు. ఇప్పుడెలా ఉంది?" అన్నాడు గవరయ్య మెల్లగా.

"గొంతులో అడ్డం పడింది" అన్నాడు రాజు. అప్పుడు చూశాడు వీధిని. ఒక్క మగ్గం చప్పుడు లేదు. లోపల పసిపిల్ల ఏడుపు, అదీ నీరసంగా. "ఇంట్లో ఇంకా గంజి ఉందా అమ్మా?"

రంగమ్మ తల దించుకుంది. డప్పు విని గుమ్మంలోకి వచ్చిన మల్లప్ప మాత్రం, "తమ దాహం తీరింది, చాలు" అన్నాడు.

రాజు ఖాళీగిన్నె చాపాడు. గవరయ్య గొంతు సవరించుకున్నాడు.

"మా ఇళ్ళల్లో ఒక అలవాటుంది ప్రభూ. ఇచ్చినవాళ్ళ గిన్నె ఖాళీగా తిరిగివ్వం."

రాజు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గిన్నెని చూసి పకపకా నవ్వాడు.

"అయితే ఈ గిన్నె కోటకొస్తుంది. మీ వీధి చేతిరుచి నాకు నచ్చింది. రేపు ఇంటికొక గిన్నె పంపండి. గంజే పంపుతారో, రెండు కరివేపాకు రెబ్బలే పంపుతారో మీ ఇష్టం. తిరిగిచ్చే వంతు నాది."

"దానికి అరుగెక్కాలా ప్రభూ?" అన్నాడు మల్లప్ప అనుమానంగా.

"నేనెక్కాను, చాలదూ!"

మర్నాడు నలభై గిన్నెలు కోటకి వెళ్ళాయి. ఒకదాంట్లో మునగాకు, ఒకదాంట్లో చింతచిగురు, ఏమీ లేని ఇంటినుంచి ఒక ఎర్రదారపు కండె. సాయంత్రానికి ఒక్కో గిన్నె ఒక్కో ధాన్యపు బస్తా మీద కూర్చుని ఇల్లు చేరింది. మల్లప్ప ఇంటి కంచుగిన్నెలో బాలింత కోసం నెయ్యి. వాళ్ళు ఊరు వదల్లేదు. వానలు పడేదాకా కొట్టుకి తాళమూ పడలేదు.

నిండుకొలువులో రాజు గవరయ్య మెడలో ముత్యాలహారం వేశాడు. "ఉచితంగా పుచ్చుకుంటున్నావు మరి! డప్పు కొట్టించమంటావా?"

"శుభ్రంగా కొట్టించండి ప్రభూ! కొలువులో చేరిననాడే నా సిగ్గు ఇంట్లో వదిలేసి వచ్చాను. మల్లప్పకైతే మిగిలిన ఆస్తి అదొక్కటే."

కిరీటం పక్కకి జారిపోయేలా నవ్వాడు రాజు.

ఇక నన్ను లేవనివ్వండి. సున్నుండలు సగమే చుట్టాను, నెయ్యి గడ్డకట్టేస్తోంది. గిన్నె నిండాక మీరిద్దరే పట్టుకెళ్ళి కామేశ్వరికి ఇవ్వాలి. గోడ మీంచి కేకలేసి కాదు, నాన్నా. గుమ్మం దాకా వెళ్ళి, చేతికి.